నెమత్ ఉస్తా ఎవరి మనిషి?

కోకంద్‌లో పాత సంత వెనక వీధిలో కోబిల్ హాజీ చాయ్‌ఖానా అంటే తెలియనివాళ్లు లేరు. మధ్యాహ్నం పిలావు కోసం వచ్చేవాళ్లు కొందరు. మల్బరీ చెట్టు కింద పరుపుల మంచాల మీద బాసింపట్టు వేసుకుని, గిన్నెల మీద గిన్నెలు చాయ్ తాగుతూ ఊళ్లోవాళ్ల సంగతులన్నీ తూర్పారబట్టేవాళ్లు కొందరు. అసలు లోపలికే రాకుండా, వాకిట్లో తందూరు దగ్గర నిలబడి వేడి రొట్టెలు గుడ్డలో కట్టించుకుని వెళ్లిపోయేవాళ్లు మరికొందరు. ఆ రొట్టెలు కాల్చేది నెమత్ ఉస్తా. ఉస్తా అంటే పనిలో చెయ్యి తిరిగినవాడు.

మనిషి పొట్టిగా, దిట్టంగా ఉంటాడు. కనుబొమలు ఎప్పుడూ సగం కాలి ఉంటాయి. మాట తక్కువే గాని, ఒక్క విషయంలో మాత్రం ఊరుకునేవాడు కాదు. ఏ పెళ్లిలోనో, పక్కన కూర్చున్న కొత్త మనిషి మర్యాదకి "మీరు హాజీగారి దగ్గర పనిచేస్తారు కదూ?" అన్నాడంటే చాలు, చేతిలో చాయ్ గిన్నె కింద పెట్టేసేవాడు.

"హాజీ దగ్గర కాదు, హాజీ పక్కన," అనేవాడు. "తందూరు ఆయనది, చెయ్యి నాది. ఆయనకి ఆయన యజమాని, నాకు నేను యజమానిని."

ఆ పట్టుదల ఊరికే రాలేదు. నెమత్ తండ్రి జీవితమంతా సర్కారు రొట్టెల ఫ్యాక్టరీలో యంత్రం ముందు నిలబడ్డాడు. గుండెల మీద నంబరు బిళ్ల, ఈలకి పని, ఈలకి తిండి. ఆయన పోయిన రోజు ఫ్యాక్టరీ నుంచి ఎవరో వచ్చి, పేరు చెప్పకుండా ఆ నంబరు చెప్పి, "ఇల్లు ఇదేనా?" అని అడిగారు. అప్పటికి నెమత్‌కి మీసాలు కూడా రాలేదు. ఎవరి కిందా పని చెయ్యనని ఆ వాకిట్లోనే అనుకున్నాడు. ఒక పెద్ద ఉస్తాని ఆశ్రయించి పని నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక సొంత ఇంటి మూలన సొంత తందూరు కట్టుకుని, వీధివాళ్లకి రొట్టె కాల్చి అమ్ముకుంటూ హాయిగానే బతికాడు. కొన్నాళ్లకి రోడ్డు వెడల్పు చేశారు. ఇల్లు మిగిలింది, తందూరు పోయింది.

అప్పుడే కోబిల్ హాజీ ఒక పుచ్చకాయ చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఉస్తా, నా వాకిట్లో మంచి తందూరుంది, మంచి చెయ్యి లేదు," అన్నాడు. "మీరొచ్చి కాల్చండి. రొట్టెకింతని ఇస్తాను. నేను మీకు యజమానినని ఒక్కనాడైనా అంటే నా గడ్డం పట్టుకుని అడగండి."

ఆ ఆఖరి మాటకే నెమత్ కరిగిపోయాడు. చేతులు కలిపారు. పుచ్చకాయ కోసుకుని తిన్నారు. నెమత్ చిన్నకూతురు అప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. ఇప్పుడు ఆ పిల్లకి పెళ్లయి, ఆమె కొడుకే గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

ఇన్నేళ్లలో హాజీ ఇచ్చిన మాట తప్పలేదు. తాను యజమానినని అనలేదు. "ఉస్తా" అనే పిలిచాడు, "మీరు" అనే గౌరవించాడు. కాకపోతే చాయ్‌ఖానా తెరిచే వేళకి రొట్టె సిద్ధంగా ఉండాలి కాబట్టి, నెమత్ ఎప్పుడు రావాలో హాజీయే చెప్పేవాడు. పిలావు పళ్లేనికి సరిపోవాలి కాబట్టి రొట్టె ఎంత వెడల్పు ఉండాలో హాజీయే చెప్పేవాడు. పిండి, నువ్వులు, కట్టెలు హాజీయే తెప్పించేవాడు. చాయ్‌ఖానా పేరు కుట్టిన తెల్ల అంగీ ఇచ్చి వేసుకోమన్నాడు. రెండేళ్ల కిందట హాజీ లెక్కలు చూసే కుర్రాడు వచ్చి, "ఉస్తా ఆకా, ఈ ఫోన్ మీద ఇక్కడ నొక్కండి," అన్నాడు. ఆకా అంటే అన్నగారు. నెమత్ పిండి చేత్తోనే నొక్కాడు. స్వయం ఉపాధి పొందుతున్న మనిషిగా సర్కారులో నమోదయ్యారని కుర్రాడు చెబితే, నెమత్ మురిసిపోయి ఆ మాట ఇంట్లో కూడా చెప్పాడు.

"సర్కారు కూడా ఒప్పుకుంది ఓనసీ, నేను నా మనిషినేనని."

ఓనసీ అంటే పిల్లల తల్లీ అని, దాదాసీ అంటే పిల్లల తండ్రీ అని. ఆమె పేరు ముకర్రమ్. బెండలు తరుగుతున్నదల్లా తలెత్తకుండానే, "మంచిది దాదాసీ," అంది. "మీ మనిషికి చెప్పి శుక్రవారం నాడైనా ఇంటిపట్టున ఉండమనండి."

నెమత్ నవ్వేశాడు.

ఆ ఏడు చలికాలం పోతుండగా తందూరు మూతి దగ్గర మట్టి అంచు బీటలిచ్చింది. నెమత్ అది రెండుసార్లు హాజీకి చూపించాడు. అంచు కొట్టేసి, కొత్త మట్టి తొక్కి మెత్తి, ఆరబెట్టాలి. అది ఆరేదాకా మంట పెట్టకూడదు.

"ఇప్పుడెలా ఉస్తా? నౌరోజ్ వస్తోంది. ఊరంతా మన వాకిట్లోనే ఉంటుంది," అన్నాడు హాజీ. "పండగ పోనివ్వండి. అప్పుడు తీరిగ్గా చేసుకుందాం."

పండగ ముందు రోజు జనం వాకిలి దాటి వీధిలోకి నిలబడ్డారు. నెమత్ ఎప్పటిలాగే కుడిచేతికి దళసరి గుడ్డ తొడుగు వేసుకుని, రొట్టె పరిచిన మెత్త అందుకుని, నడుము దాకా తందూరులోకి వంగాడు. ఎడమచెయ్యి ఆన్చిన చోట అంచు పెళ్లగా ఊడిపోయింది. మనిషి ముందుకి తూలాడు. కుడి భుజం వేడి గోడకి అతుక్కుంది. వరసలో నిలబడ్డవాళ్లు కాళ్లు పట్టి బయటికి లాగారు. ఆ లాగినవాళ్లలో మొదటివాడు కోబిల్ హాజీయే. తన కారులోనే, తన ఒళ్లో నెమత్ తల పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారంతా ఏడుస్తూనే ఉన్నాడని కారు నడిపిన మనిషి తరవాత చెప్పాడు.

మోచేతి దగ్గర్నుంచి భుజం దాకా కాలింది. తొడ మీద చర్మం తీసి అతికారు. చెయ్యి మళ్లీ పూర్తిగా చాచడానికి ఎండాకాలమంతా పట్టవచ్చన్నారు. హాజీ రోజు విడిచి రోజు వచ్చేవాడు. బియ్యం మూట, గొర్రె మాంసం, తేనె సీసా ఏదో ఒకటి తెచ్చి మంచం పక్కన పెట్టి, కాసేపు కూర్చుని వెళ్లిపోయేవాడు.

ఒకరోజు కట్టు మారుస్తూ డాక్టరు అడిగాడు. "ఇది పని దగ్గర జరిగిన ప్రమాదం కదా? అయితే మీ పనిచోటు వాళ్లు వైద్యం ఖర్చు పెట్టుకోవాలి, మీరు ఇంట్లో ఉన్నన్నాళ్లూ జీతం ఇవ్వాలి. వాళ్లకి చెప్పారా?"

ముకర్రమ్ ఆ మాట గట్టిగా పట్టుకుంది. మర్నాడు హాజీ రాగానే మర్యాద తప్పకుండానే అడిగింది. హాజీ ఇబ్బంది పడ్డాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"వదినా, నాకు చేతనైంది నేను చేస్తూనే ఉంటాను. అది వేరు. కానీ ఉస్తా నా పనివాడు ఎప్పుడయ్యాడు? నా మనిషి అయితే చట్టం ప్రకారం ఇవ్వాలి. ఆయన ఆయన మనిషి. కావాలంటే ఆయన్నే అడుగు."

మంచం మీద నుంచి నెమత్ గొంతు వినిపించింది. "హాజీ చెప్పింది నిజమే ఓనసీ."

ముకర్రమ్ హాజీని గది గుమ్మం దాకా సాగనంపింది. వెళ్లాక తలుపు వేసి వచ్చింది.

"హాజీ చెప్పింది నిజమేనా? ఏది, మళ్లీ అనండి."

"నిజమే కదా మరి. ఇన్నేళ్లూ నేను చెబుతున్నది అదే కదా."

"మీరు చెప్పుకునేది పెళ్లిళ్లలో వినడానికి బాగుంటుంది దాదాసీ. పొయ్యి మీద పెడితే ఉడకదు. ఇకమీదట ఇంట్లో నేనేం వండాలి? హాజీ దయ వండాలా? ఆయన దయ అయిపోయిన రోజున?"

"ఆయన అలాంటివాడు కాదు."

"కాడనే నేనూ అంటున్నాను. మంచివాడే. మంచివాడు కాబట్టే ఇన్నాళ్లూ మనకి తెలీలేదు."

ఆ ఆఖరి మాట నెమత్‌కి అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనీ అనిపించలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికొచ్చిన కొద్ది రోజులకి ముకర్రమ్ పేటలోని మహల్లా పెద్దావిడను వెంటబెట్టుకుని పనివాళ్ల తనిఖీ ఆఫీసుకి వెళ్లొచ్చింది. అక్కడి అధికారి అంతా విని, ఇది కోర్టులో తేలాల్సిన విషయమన్నాడు. నెమత్ ఇంటి పైకప్పు ఎగిరిపోయేలా అరిచాడు.

"నన్ను కూలోణ్ణి చేస్తావా? ఊళ్లో తలెత్తుకు తిరగనియ్యవా? హాజీ మొహం ఎలా చూడను?"

"చూడకండి. చెయ్యి చూసుకోండి," అంది ముకర్రమ్. గిన్నెలు కడిగి బోర్లించి, అతని అంగీ బొత్తాలు పెట్టడానికి వచ్చింది. అతనికి అప్పటికింకా బొత్తాలు పెట్టుకోవడం చేతకావడంలేదు. బొత్తాలు పెడుతున్నంతసేపూ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కానీ కాగితం మీద సంతకం చెయ్యాల్సి వచ్చినప్పుడు అతను ఎడమచేత్తో చేశాడు. ఎందుకు చేశావని అడిగితే చెప్పలేకపోయేవాడు. బహుశా ఆ బొత్తాల వల్లే అయి ఉంటుంది.

కోర్టు గది చిన్నది. కిటికీలోంచి వేపుడు మాంసం వాసన వస్తోంది. న్యాయమూర్తి నడివయసు ఆవిడ, గొంతు పెద్దగా పెంచదు. ఒకవైపు నెమత్, ముకర్రమ్, తనిఖీ ఆఫీసు మనిషి. రెండోవైపు కోబిల్ హాజీ, ఆయన వకీలు. వెనక బెంచీల మీద చాయ్‌ఖానా జనం సగం మంది వచ్చి కూర్చున్నారు.

హాజీ వకీలు ఫోన్ నమోదు సంగతి చెప్పాడు. జీతమంటూ ఎప్పుడూ ఇవ్వలేదని, రొట్టెకింతని ఇచ్చారని చెప్పాడు. తరవాత నెమత్ వైపు తిరిగాడు.

"ఉస్తా, హాజీ దగ్గర కాదు, హాజీ పక్కన అని మీరు ఒక పెళ్లిలో అన్నారట. నిజమేనా?"

"ఒక పెళ్లేమిటి? ఎవరు ఎక్కడ అడిగినా అదే అన్నాను."

బెంచీల మీద నవ్వులు లేచాయి.

"ఇప్పుడు కూడా అదే మాటా?"

నెమత్ భార్య వైపు చూశాడు. ఆమె తన చెప్పుల వైపు చూసుకుంటోంది. అబద్ధం చెబితే ఆమెకి మేలు జరుగుతుంది. కానీ చెప్పలేకపోయాడు.

"ఇప్పుడూ అదే మాట."

వకీలు తృప్తిగా కూర్చున్నాడు. తనిఖీ ఆఫీసు మనిషి నుదురు రుద్దుకున్నాడు.

న్యాయమూర్తి ముందున్న కాగితాలు పక్కకి జరిపింది. "ఉస్తా, మీ గురించి మీరేమంటారో విన్నాను. హాజీగారేమంటారో విన్నాను. ఫోన్‌లో ఏమని ఉందో చూశాను. వాటినలా ఉంచి, మీ రోజెలా గడుస్తుందో చెప్పండి. పనికి ఎప్పుడు వెళ్తారు?"

"తెల్లవారకముందే అమ్మా."

"ఆ వేళ ఎవరు పెట్టారు?"

"చాయ్‌ఖానా తెరిచేసరికి రొట్టె ఉండాలి కదండీ."

"ఎవరు పెట్టారు?"

"హాజీ ఆకా."

"పిండి ఎవరిది?"

"ఆయనే తెప్పిస్తారు. నేనైతే ఆ మిల్లు పిండి ముట్టుకోను. సాగదు."

"మరి మీకు నచ్చింది తెచ్చుకోలేదేం?"

"చెప్పాను. వినలేదు."

మళ్లీ నవ్వులు. ఈసారి హాజీ కూడా కొంచెం నవ్వాడు.

"వేరే హోటల్‌వాళ్లు అడిగితే రొట్టె కాల్చి ఇవ్వచ్చా?"

"ఒకసారి పక్కవీధి కబాబులతను అడిగాడు. నాలుగు రోజులిచ్చాను. హాజీ ఆకా ఏమీ అనలేదు. కాకపోతే ఆ నాలుగు రోజులూ నాతో కలిసి చాయ్ తాగలేదు. మానేశాను."

"ఒంట్లో బాగోకపోతే మీ బదులు మరొకర్ని పంపిస్తారా?"

"జ్వరమొస్తే మా అల్లుణ్ణి పంపాను. వాడూ కాలుస్తాడు. హాజీ ఆకా వెనక్కి పంపేశారు, నాకు ఉస్తా చెయ్యే కావాలన్నారు." ఆ మాట అంటున్నప్పుడు నెమత్ మొహంలో పాత సంతోషం కనిపించింది. "జ్వరంతోనే వెళ్లాను."

"తందూరు అంచు పగిలిందని మీకు తెలుసా?"

"తెలుసు."

"మంట ఆపేసి బాగుచేసుకోలేకపోయారా?"

"అదెలా అమ్మా? పండగ..."

"మీ తందూరైతే ఆపేవారా?"

"మా ఇంటిదైతే ఆ రోజే ఆపేవాణ్ణి," అన్నాడు నెమత్.

"ఎప్పుడైనా మీ అంతట మీరు పని మానేసిన రోజు ఉందా?"

"లేదు."

"ఒక్కటీ లేదా? చావో పెళ్లో వచ్చినప్పుడైనా?"

"మా అమ్మ పోయిన రోజు..." అని ఆగాడు. "అమ్మ వేకువన పోయింది. కబురు చెప్పడానికి వెళ్లాను. అప్పుడు వాకిట్లో ఫెర్గానా నుంచి వచ్చినవాళ్లకి పెద్ద విందు ఉంది. మొదటి కాల్పు కాల్చి వెళ్లిపోండి అన్నారు. కాల్చి వెళ్లాను. జనాజా ఎత్తేసరికి అందుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. వకీలు లేచి, అదెవరూ బలవంతం చేసింది కాదని, ఉస్తా తనంతట తానే ఒప్పుకున్నాడని మొదలుపెట్టాడు. హాజీ అతని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"నేనే అన్నాను," అన్నాడు. "ఆయన గుమ్మంలో నిలబడి అమ్మ పోయిందన్నాడు. నేను ముందు అల్లా అన్నాను. తరవాత మొదటి కాల్పు అన్నాను. నాకు గుర్తుంది. ఆయన మర్చిపోయాడేమో అనుకున్నాను."

అంతమాత్రాన హాజీ కేసు వదులుకోలేదు. ఆ రోజు సాయంత్రం దాకా తన వాదన తాను వినిపించాడు. ఇలా తీర్పిస్తే ఊళ్లో ప్రతి చాయ్‌ఖానా మూతపడుతుందన్నాడు. కానీ ఆ మాటల్లో మొదటి ఊపు లేదు.

తీర్పు కొద్ది వారాల తరవాత వచ్చింది. న్యాయమూర్తి దాన్ని మామూలు గొంతుతో చదివింది. లెక్క రొట్టెకింతని కట్టినా సరే, ఎవరు ఎవర్ని ఏమని పిలుచుకున్నా సరే, వేళ, పిండి, తందూరు, ఎవరికి అమ్మాలి, ఎప్పుడు ఆపాలి అన్నవన్నీ ఒకరి చేతుల్లోనే ఉన్నాయి గనుక, నెమత్ మొదటి రోజు నుంచీ ఆ చాయ్‌ఖానా పనివాడే. వైద్యం ఖర్చు, ఇంట్లో ఉన్న కాలానికి జీతం, నయమయ్యాక తిరిగి పని హాజీ ఇవ్వాలి. ఇకమీదట ఒప్పందం రాసుకోవాలి.

ముకర్రమ్ బయటికొచ్చాక చెట్టు కింద నిలబడి కాసేపు ఏడ్చింది. తరవాత హల్వా కొంది. నెమత్ హల్వా ముట్టుకోలేదు. ఇంటికి కాలవ గట్టున నడుచుకుంటూ వెళ్లాడు. నెగ్గినవాడి నడకలా లేదు అది. మొదటి రోజు నుంచీ అన్న మాట చెవుల్లో తిరుగుతూనే ఉంది. పుచ్చకాయ కోసుకున్న రోజు నుంచీ. పెళ్లిళ్లలో చాయ్ గిన్నె కింద పెట్టి గొప్పగా మాట్లాడిన ప్రతి రోజూ. అంతా విని, ఎంతమంది లోలోపల నవ్వుకుని ఉంటారో?

వారం రోజులు గడప దాటలేదు. ముకర్రమ్ చూసి చూసి, ఒక సాయంత్రం అతని ఎదురుగా కూర్చుంది.

"మీ నాన్న నంబరు బిళ్ల పెట్టుకున్నాడని మీకింకా కోపం. ఆ మనిషి రొట్టెలు చెడ్డగా చేశాడా?"

"యంత్రం చేసేది. ఆయనేం చేశాడు?"

"మరి మీరు చేసిన రొట్టె యంత్రం చేసిందా? మీ చేతిని మీరు కూలికిచ్చారని కోర్టు చెప్పింది. చెయ్యి మీది కాదని చెప్పలేదుగా? ఉస్తా జీతానికి పనిచేస్తే ఉస్తా కాకుండా పోతాడా? డాక్టరు జీతానికే పనిచేస్తున్నాడు. ఆ జడ్జిగారూ జీతానికే. వాళ్లెవరూ గడప దాటడం మానలేదే."

మర్నాడు నెమత్ గడ్డం గీయించుకోవడానికి బయలుదేరాడు.

మంగలి యోర్‌కిన్ సబ్బు నురగ పూస్తూనే అందుకున్నాడు. "ఏం ఉస్తా, కోర్టు మిమ్మల్ని పనోణ్ణి చేసిందటగా! ఇంకమీదట పెళ్లిళ్లలో ఏం మాట్లాడతారు?"

కత్తి గొంతు మీద ఉంది కాబట్టి నెమత్ ఊరుకున్నాడు. యోర్‌కిన్ గొంతు తగ్గించాడు. "ఎగతాళి కాదు గాని, ఒకటి చెప్పండి. ఈ కుర్చీ నేను అద్దెకి తీసుకున్నాను. మరి నేనేంటి?"

నెమత్ అద్దంలో అతన్ని చూశాడు. "దుకాణం ఎప్పుడు తెరవాలో ఎవరు చెబుతారు?"

"ఎవరు చెబుతారు? నాకు మెలకువ వచ్చినప్పుడు తెరుస్తాను."

"కత్తెరలు ఎవరివి?"

"నావే."

"రేపు మానేసి చేపలు పట్టడానికి వెళితే?"

"పోయిన వారం వెళ్లానుగా."

"అయితే నువ్వు నీ మనిషివే. గడ్డం జాగ్రత్తగా గియ్యి."

అది మొదలు. తరవాత కాటన్ మిల్లుకి సరుకు మోసే వ్యాను డ్రైవరు వచ్చాడు. బాలింతగా ఉన్న కోడల్ని తీసుకుని ఒక అత్తగారు వచ్చింది. ఆ కోడలు అట్లాస్ పట్టుగుడ్డ దుకాణానికి గౌన్లు కుడుతుంది. నెమత్ అందర్నీ గుమ్మంలో కూర్చోబెట్టి, న్యాయమూర్తి తనని అడిగిన ప్రశ్నలే అడిగేవాడు. వేళ ఎవరు పెడతారు, కాదంటే ఏమవుతుంది, బదులు మనిషిని పంపితే ఒప్పుకుంటారా? కొందరికి సులువుగా తేలేది. కొందరికి ఎంత అడిగినా సగం ఇటు, సగం అటు తేలేది. అలాంటివాళ్లని తనిఖీ ఆఫీసుకి వెళ్లమనేవాడు. ముకర్రమ్ వచ్చినవాళ్లకి చాయ్ పోసి పోసి విసుక్కునేది. అయినా మొగుడు మళ్లీ గొంతెత్తి మాట్లాడుతున్నందుకు లోపల సంతోషపడేది.

ఈలోపు చాయ్‌ఖానాలో వేరే కథ నడుస్తోంది. నెమత్ పడిపోయాక హాజీ మార్గిలాన్ నుంచి సిరోజ్ అనే రొట్టెలవాణ్ణి పిలిపించుకున్నాడు. ముప్పై దాటని వయసు, బలమైన భుజాలు, చురుకైన నోరు. తీర్పు వచ్చాక హాజీ భయపడి, "నువ్వైనా నా పనివాడిగా సంతకం చెయ్యి నాయనా," అన్నాడు.

"నేనెందుకు చేస్తాను హాజీ ఆకా?" అన్నాడు సిరోజ్. "తందూరు నాకు అద్దెకివ్వండి. పిండి నాది, కట్టెలు నావి. మీకూ అమ్ముతాను, పక్కవాళ్లకీ అమ్ముతాను."

హాజీ సరేనన్నాడు. అప్పటికది తేలిగ్గా వదిలిపోయినట్టు అనిపించింది. మొదటి నెలలోనే తెలిసొచ్చింది. సిరోజ్ రొట్టె వెడల్పు తన ఇష్టానికి పెట్టాడు. హాజీ నచ్చలేదంటే, కబాబులతనికి నచ్చిందన్నాడు. ఒకనాడు కుస్తీ పోటీలున్నాయని తందూరు ఆర్పేసి వెళ్లిపోయాడు. పిలావు సిద్ధం, జనం సిద్ధం, రొట్టె లేదు. హాజీ స్వయంగా సంచీ పట్టుకుని పై వీధిలో రొట్టెలు కొనుక్కొచ్చాడు.

ఆ సాయంత్రమే నెమత్ ఇంటి తలుపు తట్టాడు. కోర్టు తరవాత ఇద్దరూ ఎదురుపడటం అదే మొదటిసారి. హాజీ మంచం అంచున కూర్చుని టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఉస్తా, సొంత మనిషంటే ఏంటో ఇప్పుడు చూశాను," అన్నాడు. "వాడు నిజంగానే ఎవరి మనిషీ కాదు. నా ప్రాణం తీస్తున్నాడు."

నెమత్‌కి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాడు గాని ఆగలేదు. నవ్వుతుంటే అతికిన చర్మం లాగింది. హాజీ కూడా నవ్వాడు. ముకర్రమ్ చాయ్ తెచ్చింది.

"మీ అమ్మగారి సంగతి," అన్నాడు హాజీ, గిన్నె అందుకుంటూ. "అది నేను అనకుండా ఉండాల్సింది."

"మీరనడం ఒకెత్తు," అన్నాడు నెమత్. "నేను ఆగి కాల్చడం ఒకెత్తు. నాది నేను మొయ్యాలి."

అంతకుమించి ఆ సంగతి మాట్లాడుకోలేదు. ఒప్పందం గురించి ముకర్రమ్ మాట్లాడింది. శుక్రవారం సెలవు, అంచు పగిలితే మంట ఆపే హక్కు ఉస్తాది, పిండి ఏ మిల్లుదో ఉస్తాని అడిగి తేవాలి. హాజీ అన్నిటికీ తలూపి, పిండి దగ్గర మాత్రం కాసేపు బేరమాడాడు. ఒప్పందం మొత్తం ఆరు పేజీలు రాశారు గాని, నెమత్ చదివించుకుని విన్నది ఆ మూడు మాటలే.

ఆకులు రాలే వేళకి చెయ్యి దాదాపు చాచగలిగాడు. పూర్తిగా కాదు. కుడిచేత్తో తందూరు అడుగు అందదు కాబట్టి, అల్లుణ్ణి కూడా ఒప్పందం మీదే సగం రోజుకి పెట్టుకున్నారు. హాజీ వాకిట్లో రెండో తందూరు కట్టించాడు. ఒకదాని మీద జీతానికి నెమత్, ఇంకోదాని మీద అద్దెకి సిరోజ్. కొనేవాళ్లకి కావాల్సిన చోట కొనుక్కునేవారు. ముసలివాళ్లు నెమత్ వైపు, కుర్రాళ్లు సిరోజ్ వైపు నిలబడేవారు. మొదట్లో నెమత్‌కీ హాజీకీ మధ్య మాటలు కాస్త బిగుసుకుని ఉండేవి. కలిసి చాయ్ తాగడం మళ్లీ మొదలవడానికి ఒక చలికాలం పట్టింది.

మరుసటి వేసవిలో హాజీయే వచ్చి గుర్తుచేశాడు. "ఉస్తా, మీ సెలవులు వాడుకోండి. లేకపోతే తనిఖీ ఆయన నన్ను తిడతాడు." జీతంతో సెలవు నెమత్‌కి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిది. ముకర్రమ్ అప్పటికే మూట కట్టేసింది. కొండల్లో చల్లగా ఉంటుందని షాహిమర్దాన్ పోదామంది.

బయలుదేరే ముందు రోజు నెమత్ తన తందూరు బూడిద ఎత్తుతుంటే, పక్క తందూరు దగ్గర సిరోజ్ చెమటలు కక్కుతూ పిండి ఉండలు చుడుతున్నాడు. ఈ మధ్య నాలుగు దుకాణాలు పట్టాడు. కుస్తీ పోటీలకి వెళ్లి చాలా రోజులైంది.

"అదృష్టవంతులు ఉస్తా ఆకా," అన్నాడు. "మీకు హాజీ సెలవిచ్చాడు. నాకెవరిస్తారు?"

"నీ యజమానినే అడుగు."

"అడిగాను. ఆ వెధవ ఒప్పుకోవట్లేదు," అన్నాడు సిరోజ్, తన గుండెల మీద పిండి చేత్తో కొట్టుకుంటూ.